బొట్టు పెట్టిన కన్ను

పోయిన వారం హైమని బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో, భీమశంకరరావు గారి ఫ్యాన్ రెక్కల ఫ్యాక్టరీ గేటు ముందు, కారులో కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, దిగాలో వద్దో తేల్చుకోలేక స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది.

ఎందుకు తేల్చుకోలేదో మీకు తెలుసు. ఈ వారమే పత్రిక చేతికొచ్చినవాళ్ళ కోసం కాస్త చెప్పేస్తాను, ఓపిక పట్టండి. హైమ ఫ్యాక్టరీలకి సెన్సార్లు అమ్ముతుంది. విజయనగరం బజార్లో వాళ్ళ నాన్న మోటార్లు, స్విచ్చులు అమ్మే కొట్లోనే మొదలుపెట్టింది ఈ వ్యాపారం. మొదట్లో ఎవరూ కొనలేదు. తర్వాత పైరాష్ట్రాల పెద్ద కంపెనీలు కన్ను లేని ప్రెస్ మీద కొట్టిన సరుకు మాకొద్దన్నాయి. అంతే, బొబ్బిలి, రాజాం, పైడిభీమవరం, కొత్తవలస, ఎక్కడ చూసినా హైమ సెన్సార్లే. కన్ను అంటే ఏమీ లేదు, ఆ సెన్సారే. రేకు కొట్టి సరుకు చేసే ప్రెస్‌కి అటొకటి ఇటొకటి నిలబెట్టే సన్నటి స్తంభాలు. వాటి మధ్య మన కంటికి కనపడని వెలుగు ఉంటుంది. ఆ వెలుగుకి చెయ్యి అడ్డం వస్తే చాలు, పైనుంచి దిగబోయే ప్రెస్ ఆగిపోతుంది.

ఆగాలి. దసరా వెళ్ళిన వారానికి రాంబాబు చెయ్యి లోపల ఉండగా ఈ ఫ్యాక్టరీలో ప్రెస్ ఆగలేదు. కుడిచేతి వేళ్ళు పోయాయి. విప్పి చూస్తే, కన్ను ఏం చెప్పినా ప్రెస్ వినకుండా ఎవరో రెండు వైర్లు కలిపేసి ఉంచారు. విచారణకి వచ్చిన అధికారుల ముందు హైమ గబగబా చెప్పిన మాట ఇదీ: "మా సెన్సార్‌లో లోపం లేదండీ. ఎవరో కావాలని వైర్లు కలిపారు." అబద్ధమేం కాదు. కానీ ఆ ప్రెస్ దగ్గర ఉండేది రాంబాబే. ఎక్కువ రెక్కలు కొట్టి పేరు తెచ్చుకోవాలని వాడే కలుపుకున్నాడని అందరూ తీర్మానించేశారు. పని పోయింది. గ్రోత్ సెంటర్‌లో ఏ గేటుకి వెళ్ళినా "నువ్వేనా, కన్ను పీకేసినోడివి?" అని తరిమేస్తున్నారు. హైమ మనసు ఊరుకోక, రాంబాబు భార్య యమునకి పక్క షెడ్డులో, ఈమధ్యే మళ్ళీ తెరిచిన హరిబాబు గారి స్టీలు కంచాల ఫ్యాక్టరీలో పని ఇప్పించింది. అలా మనసు కాస్త తేలిక చేసుకుంది. రేపు అధికారులు ఆఖరిసారి వస్తున్నారు. రేపు హైమ ఏం చెబితే అదే ఖాయం, ఇక రాంబాబు మీద పడ్డ మచ్చ మాసేది లేదు.

సరే. హైమ కారు దిగింది.

గేటు పక్కన గోడ నీడలో రాంబాబు కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో ఈగలు తోలుకుంటున్నాడు. హైమని చూసి లేవబోయాడు.

"కూర్చో రాంబాబూ. ఇక్కడెందుకున్నావు?"

"అమ్మగారు రమ్మన్నారమ్మా. మిసనుకి సాంతి సేయిస్తన్నారంట, పెసాదం అట్టుకెల్లమన్నారు. వాచ్‌మెన్ లోనికి ఒగ్గలేదు. ఆడికీ అదే సెప్పీసినారు మరి, నాను దొంగోడినని."

"దొంగ అని ఎవరన్నారు?"

"మీరన్లేదు లెండి," అన్నాడు రాంబాబు. ఆ మాటలో కోపం దాచుకోవాలని కూడా అతను చూడలేదు. "ఎవురో అన్నారు మీరు. ఎవురో అంటే నానే గదమ్మా."

హైమ వాచ్‌మన్ మీద కసురుకుని, రాంబాబుని వెంటబెట్టుకుని లోపలికి నడిచింది. పక్క షెడ్డులో హరిబాబు గారి ప్రెస్ ధబ్ ధబ్ మని పడుతోంది. ఈ షెడ్డులో మాత్రం పని ఆగిపోయి ఉంది. ఫ్యాన్ రెక్కలు గోడవారగా దొంతరలుగా పడున్నాయి. కార్తీక సోమవారం కదా, సాంబ్రాణి పొగ నిండిపోయింది. ప్రెస్ ముందు ముగ్గు, అరటి పిలకలు, కొబ్బరికాయలు. భీమశంకరరావు గారి భార్య పద్మకుమారి గారు పట్టుచీర కట్టుకుని, వెండిగిన్నెలో తడిపసుపు కలుపుకుని, యంత్రానికి బొట్లు పెడుతోంది. ఏటా దసరాకి ఈ ఫ్యాక్టరీలో ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టేది ఆవిడే. మరొకర్ని ముట్టనివ్వదు. పనివాళ్ళందరికీ ఆవిడంటే ప్రేమ కూడాను, ఎవరింట పురుడైనా ముందు ఆవిడ చీర వెళుతుంది.

ప్రెస్‌కి పెట్టింది. స్విచ్చు పెట్టెకి పెట్టింది. పాత స్తంభాలు తీసేసి, నిన్ననే హైమ భర్త మోహనకృష్ణ బిగించి వెళ్ళిన కొత్త కన్ను దగ్గరికి వచ్చింది. మూడు వేళ్ళు పసుపులో ముంచి, సరిగ్గా స్తంభం మధ్యలో, నల్లటి గాజు మీదికి చెయ్యి చాచింది.

"పిన్నిగారూ, ఆగండి!"

పద్మకుమారి గారు అదిరిపడింది. గిన్నె ఒలికి పసుపు చీర మీద పడింది.

"ఏటమ్మా ఆ అరుపు! గుండె గుభేలుమన్నాది. ఏటయింది?"

"దానికి పెట్టకండి. ఆ గాజు మీద పెట్టకండి."

"అదేటి, అన్నిటికీ పెట్టి దీనికి మానీమంటావా? కాపాడేది ఇదేనని నువ్వే కదా చెప్పావు. మొన్న దసరాకి పెట్టిన బొట్టు చిన్నదైపోయిందేమో, అమ్మవారి దృష్టి ఆనలేదేమోనని నాకు ఒకటే బాధ. అందుకే ఇవాళ నిండుగా పెడతన్నాను."

హైమ పక్కనున్న ఇనప బల్ల మీద కూర్చుండిపోయింది.

"దసరాకి కూడా పెట్టారా? ఇక్కడేనా, గాజు మీద?"

"మరెక్కడ పెడతానమ్మా? ముఖం ఇదే కదా దానికి. రెండువైపులా పెట్టీశాను. గంధం రాశాను. పైన దీపం బుడ్డి లాంటిది ఉంటే దానికి బంతిపూల దండ వేశాను."

దీపం బుడ్డి లాంటిది! ఆ దీపం ఎర్రగా వెలిగితే కన్ను మూసుకుపోయిందని అర్థం. దాని మీద బంతిపూలు. దండ వాడిపోయినా అమ్మగారు వేసిందని ఎవరూ తీసి ఉండరు. ప్రమాదం జరిగిన రోజు రక్తం కడిగినవాళ్ళు స్తంభాలూ కడిగేశారు, దండా తీసి పారేశారు. అందుకే విచారణలో బొట్టు సంగతి ఎవరి కంటా పడలేదు.

"పిన్నిగారూ, నిజం చెప్పండి. ఆ రోజు పూజ అయ్యాక ప్రెస్ తిరిగిందా?"

పద్మకుమారి గారు గిన్నె కింద పెట్టింది. ఆవిడ ముఖంలో రంగు మారింది.

"ముందు తిరగలేదమ్మా. పూజ చేసిన యంత్రం ఒక్కసారైనా తిరగాలి కదా, మొదటి రెక్క అమ్మవారికి పెట్టాలి. అది తిరగలేదు. మీ బాబాయిగారికి చెమట్లు పట్టీశాయి. అపశకునమన్నారు. వర్జ్యం వచ్చీస్తాదని ఒకటే కంగారు. ఫోన్ చేశారు, ఏటో చేయించారు, తిరిగింది. అందరం చప్పట్లు కొట్టాం."

"ఎవరికి ఫోన్ చేశారు?"

ఆవిడ తల తిప్పుకుంది.

రాంబాబు గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్నాడు. "నాను ఆ రోజు ఇక్కడ లేనమ్మా," అన్నాడు మెల్లగా. "పూజ అయ్యీముందే మాయమ్మకి ఒంట్లో బాగోలేదని ఇంటికెల్లిపోనాను. వైరు ఏటో, కలపడం ఏటో, నాకు తెల్దు. తెల్దని సెప్తే ఒక్కలు నమ్మలేదు."

"నీకు తెలీదని నాకిప్పుడు తెలిసింది రాంబాబూ."

"ఇప్పుడా!" అన్నాడతను. నవ్వబోయాడు గానీ రాలేదు. "మీకో మాట సెప్తానమ్మా, ఏటనుకోకండి. ఈ కన్ను రాకముందు నాను పట్టకారుతోటే రేకు పెట్టీవోడిని. మా బాబు కమ్మరి. నిప్పు దగ్గిరకి సెయ్యి ఎల్లకూడదని సిన్నప్పట్నించీ నా ఒంటికి తెలుసు. ఒక్క రోజు కూడా సెయ్యి లోనకెట్టలేదు. మీరు వొచ్చి, గాజులేసుకున్న సెయ్యి ప్రెస్సులో పెట్టి సూపించారు. అది ఆగిపోయింది. మేమందరం ఓలమ్మో అని అరిసినాం. ఇంక బయమొద్దు, పట్టకారు అక్కర్లేదు, పని జోరుగా అవుతాదని మీరే అన్నారు. మీ మాట మీద పట్టకారు మూల పడీసినాను."

హైమకి ఆ రోజు కళ్ళముందు కనిపించింది. ఎంత గర్వంగా చెయ్యి పెట్టిందో! అలా చెయ్యి పెట్టి చూపించడం ఆమెకి అలవాటు. ఎక్కడికి వెళ్ళినా అదే చేసేది, చూసినవాళ్ళు ఆర్డరు ఇవ్వకుండా పంపేవాళ్ళు కాదు. ఉత్తరాంధ్రలో అందరికంటే ఎక్కువ అమ్మినందుకు సెన్సార్లు చేసే కంపెనీవాళ్ళు ఇచ్చిన షీల్డు కొట్లో గల్లాపెట్టె పైన మెరుస్తూ ఉంది.

"అయితే ఏటమ్మా," అంది పద్మకుమారి గారు. "నా బొట్టుకీ వీడి చేతికీ ఏటి సంబంధం? నాకు తిన్నగా చెప్పు. నాకేటో భయంగా ఉన్నాది."

చెప్పకుండా ఉండిపోతే బాగుండుననిపించింది హైమకి. కానీ అలా ఉండిపోవడం వల్లే ఇంతవరకూ వచ్చింది.

"గాజు మీద పసుపు పడితే వెలుగు అడ్డం పడుతుంది పిన్నిగారూ. కన్నుకి ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చినట్టే ఉంటుంది. అందుకే ప్రెస్ ఆగిపోయింది. అది సరిగ్గానే పని చేసింది. తిరగడం లేదని వైర్లు కలిపేశారు. ఆ తర్వాత మళ్ళీ విడదీయలేదు."

పద్మకుమారి గారు తన చేతివేళ్ళ వంక చూసుకుంది. పసుపు తడి ఇంకా ఆరలేదు.

"నా చేత్తోనా?" అంది. "ఈ చేత్తోనేనా? వాడి చెయ్యి చల్లగా ఉండాలని పెట్టానే! అమ్మా, నేను వాళ్ళందరి పేర్లూ తలుచుకుని మరీ పెట్టానే!"

కొంగుతో వేళ్ళు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. పసుపు పోలేదు. ఆవిడ అక్కడే ముగ్గు మీద చతికిలపడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"మీ తప్పు కాదు పిన్నిగారూ," హైమ ఆవిడ పక్కన కూర్చుంది. "కంపెనీవాళ్ళు మాకు నీళ్ళు పడనీయకండి, నూనె పడనీయకండి, దుమ్ము పడనీయకండి అని నేర్పారు. పసుపు సంగతి వాళ్ళకేం తెలుసు? నాకు తెలియాలి. నేను ఇక్కడ పుట్టి పెరిగినదాన్ని. మా కొట్లో తక్కెడకి బొట్టు, తాళానికి బొట్టు, నా కారుకీ బొట్టే. దసరా వస్తోంది, గాజు మీద పసుపు పెట్టకండి అని ఒక్క మాట ముందుగా చెప్పి ఉంటే అయిపోయేది. ఆ ఊహే రాలేదు నాకు. ఇంకో ఆర్డరు, ఇంకో ఆర్డరు అని తిరిగానే తప్ప."

రాంబాబు వచ్చి, ఎడమచేత్తో పద్మకుమారి గారి ముందున్న మంచినీళ్ళ చెంబు ఆవిడ చేతికి అందించాడు. ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చింది.

హైమ లేచింది. ఇంకొక్కటే తెలియాలి. తెలిసినట్టే ఉంది గానీ, చెవులతో వినాలి. ఫోన్ తీసి మోహనకృష్ణకి చేసింది. మోహనకృష్ణ ఆమె భర్త, మేనత్త కొడుకు. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలుస్తుంది. ఆమె అమ్మిన ప్రతి సెన్సారూ బిగించేది, పాడైతే బాగుచేసేది అతనొక్కడే. స్పీకరు నొక్కి ఫోను బల్ల మీద పెట్టింది.

"బావా, దసరా రోజు భీమశంకరరావు బాబాయిగారికి వైర్లు కలపమని చెప్పింది నువ్వేనా?"

అవతల పనిముట్టు ఏదో కింద పెట్టిన చప్పుడు.

"బావా!"

"నేనే హైమా," అన్నాడతను. "పూజ చేసిన ప్రెస్ తిరగలేదని ఆయన ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు. ఒక్క రెక్క కొట్టుకోండి, మర్నాడు వచ్చి తీసేస్తానన్నాను. ఒక్కసారికే కదా అనుకున్నాను."

"మర్నాడు ఎందుకు రాలేదు మరి?"

"మర్నాడు నన్ను పైడిభీమవరం పంపింది ఎవరు? కొత్త ఆర్డరు, బొబ్బిలి తర్వాత చూడొచ్చు, ముందు ఇది బిగించి రా అన్నావు. అటునుంచటు కొత్తవలస పంపావు. నాకు ఇంకో ఇద్దరు మనుషులు కావాలి, ఒక్కడినీ తిరగలేకపోతున్నానని ఎన్నిసార్లు అడిగాను? వచ్చే ఏడాది చూద్దాం అనేదానివి."

నిజమే. ప్రతిసారీ అలాగే అంది. ఆ మాట అనేటప్పుడు అతని ముఖం వంక కూడా చూసేది కాదు.

"నాకెందుకు చెప్పలేదు బావా? రాంబాబు మీద పడినప్పుడైనా చెప్పకపోయావా?"

"చెబుదామనే ఆ రోజు ఇంటికొచ్చాను. అప్పటికే నువ్వు అధికారుల దగ్గర ఎవరో కలిపారని చెప్పేసి వచ్చావు. మన కొట్టు పరువు నిలబెట్టానని సంతోషంగా ఉన్నావు. నాకు నోరు రాలేదు. అప్పట్నుంచీ అన్నం ముద్ద మింగుడు పడితే ఒట్టు."

రాంబాబు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వినడానికే ఇన్నాళ్ళు బతికాడేమో, విన్నాక మాత్రం సంతోషంలా ఏమీ కనపడలేదు అతని ముఖంలో.

హైమ అనుకుంది, సరే, రేపు అధికారుల ముందు మొత్తం చెప్పేస్తాను. కొట్టు మూతపడితే మూతపడనీ. బావని ఏం చేస్తారో చేయనీ. రాంబాబు పేరు మీద మచ్చ మాత్రం ఉండకూడదు. ఆ నిశ్చయానికి వచ్చాక కాస్త ఊపిరాడింది. ఫోను తీయబోయింది.

అప్పుడు తట్టింది.

దసరా ఒక్క భీమశంకరరావు గారికే రాలేదు కదా!

"బావా," అంది మళ్ళీ. "ఆ రోజు ఇంకెవరైనా ఫోన్ చేశారా? తిరగడం లేదని?"

"ఫోన్లు ఆగితే కదా! అందరూ ఒక్క రోజే పూజ. అన్నిచోట్లా పసుపే, గంధమే. నాకప్పుడు కారణం కూడా తెలీలేదు, అన్నీ ఒకేసారి ఎందుకు పాడయ్యాయా అనుకున్నాను. అందరికీ అదే చెప్పాను. రాంబాబు సంగతి జరిగాక భయమేసి, నీకు చెప్పకుండా తిరిగి అన్నిచోట్లా వైర్లు విడదీసి వచ్చాను."

"అన్నిచోట్లా?"

"ఒక్కచోట తప్ప. ఆయన తాళం వేసుకుని కాశీ వెళ్ళారు. ఫ్యాక్టరీ మూసి ఉంది. మళ్ళీ తీశాక వెళ్దామనుకుని..."

"ఎవరు బావా?"

"హరిబాబు గారు. భీమశంకరరావు గారి పక్క షెడ్డే. నిన్న ఆదివారం కదా, తాళమే చూశాను. ఆయన వచ్చేశాడా ఏమిటి?"

ధబ్. ధబ్. ధబ్.

ఇందాకటి నుంచీ వినపడుతున్న చప్పుడే. ఇప్పుడు షెడ్డులో ముగ్గురికీ అది తప్ప మరొకటి వినపడలేదు.

రాంబాబు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఓలమ్మో, యమున!" అన్నాడు. "అదే ప్రెస్సు మీద ఏసినారమ్మా దాన్ని. పొద్దుగాల ఎల్లినప్పుడు నాను నా పట్టకారు ఇచ్చినాను. అట్టుకెల్లవే అన్నాను. అదేమో, హైమమ్మగారు సెప్పినారు, కన్నున్నాది, బయం లేదు, పట్టకారు అక్కర్లేదని... అని గుమ్మంలోనే ఒగ్గీసి ఎల్లిపోయింది."

అవును, చెప్పింది. పనిలో చేర్చిన రోజు, భయపడుతున్న ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పింది.

హైమ పరుగెత్తింది. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియదు. ముగ్గు తొక్కేసింది, కొబ్బరికాయ తన్నుకుంది. పరుగెడుతూనే యమునకి ఫోన్ చేసింది. మోగుతోంది, మోగుతోంది, ఎవరూ తీయరు. అక్కడ పనివాళ్ళ ఫోన్లు గేటు దగ్గర బుట్టలో వేయించుకుంటారు. ఆ నియమం పెట్టించింది కూడా హైమే, పని మీద ధ్యాస ఉండాలని.

హరిబాబు గారి గేటు వేసి ఉంది. లోపలి నుంచి గొళ్ళెం. బుట్టలో ఫోను మోగడం బయటికే వినపడుతోంది. హైమ రెండు చేతులతో గేటు బాదింది. "ప్రెస్ ఆపండి! ఆపండి!" అని అరిచింది. వాచ్‌మన్ ఎక్కడున్నాడో ఏమో. రాంబాబు వెనకనే వచ్చి, కట్టు కట్టిన చెయ్యి సంగతి మరిచిపోయి, రెండు చేతులతోనూ గేటు మీద కొట్టాడు. కట్టులోంచి ఎర్రగా ఊరింది.

"యమునా! ఒసే యమునా! సెయ్యి తియ్యే!"

ధబ్. ధబ్.

ఆగిపోయింది.

హైమ చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. భోజనాల గంట ఇంకా కొట్టలేదు. కరెంటూ పోలేదు, షెడ్డు గోడలోని పెద్ద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

లోపల ఎవరో ఆడమనిషి కేక వేసింది.